తాతగారి 1968 అంబాసిడర్‌కు ఏ బీమా తీసుకోవాలి, విలువ ఎంత రాయించుకోవాలి?

ప్రశ్న: మిర్యాలగూడ మార్క్ 2

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు 1968లో కొత్తగా కొన్న అంబాసిడర్ మార్క్ 2 కారు మిర్యాలగూడలోని మా పాత రైసు మిల్లు షెడ్డులో చాలా ఏళ్లుగా నిలిచి ఉంది. దానిని మళ్లీ నడిచే స్థితికి తేవాలని ఇంట్లో అందరం అనుకొని పని మొదలుపెట్టాము. బాడీ గట్టిగానే ఉంది. అడుగు రేకులు మార్చి, రంగు వేయించి, సీట్లు కుట్టించి, బ్రేకులూ వైరింగూ కొత్తగా చేయించే సరికి దాదాపు 4 లక్షల రూపాయలు అవుతుందని మేస్త్రీ అంచనా వేశాడు.

చిక్కులు కూడా ఉన్నాయి. ఆర్‌సీ ఇప్పటికీ తాతగారి పేరునే ఉంది, దాని గడువు ఎప్పుడో తీరిపోయింది, ఆయన కాలం చేసి రెండేళ్లు దాటింది. పైగా పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక ఎనభైల చివరలో ఆయన అసలు ఇంజిన్‌ను దింపించి టెంపో మాటడార్ డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. ఆ రోజుల్లో మన వైపు ఎన్నో అంబాసిడర్లకు ఇదే జరిగింది. ఆర్‌సీలో మాత్రం పెట్రోలు అనే ఉంది. అసలు ఇంజిన్ మిల్లులోనే చెక్క దిమ్మెల మీద భద్రంగా ఉంది.

బీమా కోసం విచారించినప్పుడు ఒక కార్యాలయం వారు ఇంత పాత బండికి థర్డ్ పార్టీ తప్ప మరేమీ ఇవ్వలేమన్నారు. ఒక ఏజెంటు ఫుల్ ఇన్సూరెన్స్ ఇప్పిస్తానన్నాడు కానీ, తన కంప్యూటరు అంతకు మించి తీసుకోవడం లేదంటూ కారు విలువను 60 వేల రూపాయలుగా చూపించాడు. మిల్లులో ఊక, తవుడు ఉంటాయి కాబట్టి నా భయమంతా అగ్ని ప్రమాదం గురించే. నిజంగా కారు కాలిపోతే ఆ 60 వేలతో రంగు పని కూడా పూర్తి కాదు.

థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవచ్చా, ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే సరైన విలువ ఎలా రాయించుకోవాలి, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే బీమాలో లాభం ఉందా, కారు కదలని ఈ నెలల్లో ఏం చేయాలి అన్నవి నా సందేహాలు. వీటితో పాటు జడ్చర్లలో ఉన్న మా బావమరిది తరఫున కూడా ఒకటి అడుగుతున్నాను. అతడు పాత మహీంద్రా జీపు ఛాసిస్ మీద ఫైబర్ బాడీ బిగించి విదేశీ స్పోర్ట్స్ కారును పోలిన రెండు సీట్ల బండిని తయారు చేసుకుంటున్నాడు, దానిని కిట్ కారు అంటున్నాడు. అలాంటి దానికి బీమా దొరుకుతుందా?

జవాబు: బీమా శాఖ విశ్రాంత ఉద్యోగి, నల్లగొండ

మిర్యాలగూడ మిత్రులకు నమస్కారం. మీరు విలువ దగ్గర ఆగిపోయారు కానీ, అంతకంటే ముందు సరిచేయవలసింది ఇంజిన్. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ వారు బండిని చూసి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అచ్చు తీసుకుంటారు. ఆర్‌సీలో ఉన్న నంబరుకూ బండిలో ఉన్న నంబరుకూ పొంతన లేకపోతే అక్కడే ఆగుతుంది. చూసీచూడనట్టు పాలసీ ఇచ్చేవారు దొరకవచ్చు, అయితే ఆ ఉదారత క్లెయిము రోజున ఉండదు. అసలు పెట్రోలు ఇంజిన్ మీ దగ్గరే ఉండడం అదృష్టమనే చెప్పాలి. ఎలాగూ పని జరుగుతున్నది కాబట్టి దానిని బాగుచేయించి తిరిగి ఎక్కించండి, డీజిల్ ఇంజిన్ సంగతి మరచిపోండి.

తరువాతది పేరు. యజమాని మరణించినప్పుడు వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. మీ నాన్నగారికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఉంటే వారసత్వ ధ్రువపత్రంతో పాటు వారి అంగీకార పత్రాలు కూడా జతచేయవలసి ఉంటుంది. చనిపోయిన వ్యక్తి పేరు మీద కొత్త పాలసీ తీసుకోవడం కుదరని పని. అప్పటికే అమలులో ఉన్న పాలసీ కూడా యజమాని మరణించిన నాటి నుంచి మూడు నెలలు లేదా పాలసీ గడువు తీరే వరకు, వీటిలో ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది.

ఇక విలువ. పాలసీలో రాసే ఐడీవీ (బండి పూర్తిగా పోతే లెక్కలోకి తీసుకునే బీమా విలువ) విషయంలో చాలామంది ఏజెంట్లకు అయిదేళ్ల లోపు బండ్ల పట్టిక మాత్రమే తెలుసు: ఆరు నెలలకు 5 శాతం తరుగు, ఏడాదికి 15, అలా పెరిగి అయిదేళ్లకు 50 శాతం. అదే పాలసీ పత్రంలో ఆ పట్టిక కిందనే, అయిదేళ్లు దాటిన వాహనాలకు, తయారీ ఆగిపోయిన మోడళ్లకు విలువను కంపెనీ, పాలసీదారు పరస్పర అవగాహనతో నిర్ణయించుకోవాలని స్పష్టంగా ఉంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి మీ కారు రెండు విధాలుగానూ ఈ వాక్యం కిందికే వస్తుంది. కనుక 60 వేలు అన్నది నియమం కాదు, ఆ ఏజెంటు తెర మీద కనిపించిన అంకె మాత్రమే. ఏజెంటును వదిలి బ్రాంచి మేనేజర్‌ను కలవండి. మరమ్మతు బిల్లులు, అన్ని వైపుల నుంచీ తీసిన ఫోటోలు, లైసెన్సున్న సర్వేయర్ లేదా వాల్యుయర్ ఇచ్చిన విలువ నిర్ధారణ పత్రం జతచేసి, ఇంత ఐడీవీ కావాలని రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి ప్రతిపాదనను బ్రాంచి వారు తరచుగా పై కార్యాలయానికి పంపుతారు. కొంత ఆలస్యమవుతుంది కానీ పని అవుతుంది.

ప్రీమియం ఎంత పడుతుందో కూడా చెబుతాను. పాత టారిఫ్ (అన్ని కంపెనీలకూ ఒకటిగా ఉండిన రేట్ల పట్టిక) ప్రకారం హైదరాబాదు జోన్ ఎ, నల్లగొండ జిల్లా జోన్ బి. జోన్ బిలో పదేళ్లు దాటిన, 1,000 నుంచి 1,500 సీసీ లోపు కారుకు సొంత నష్టం (మీ కారుకే జరిగే నష్టం) రేటు ఐడీవీ మీద 3.430 శాతం. మీ అసలు ఇంజిన్ 1,489 సీసీ కాబట్టి ఈ తరగతే వర్తిస్తుంది. ఐడీవీ 4 లక్షలైతే 13,720 రూపాయలు, 6 లక్షలైతే 20,580 రూపాయలు. 2007 నుంచి కంపెనీలకు ధర విషయంలో స్వేచ్ఛ వచ్చింది గనుక ఇందులో తగ్గింపు అడగవచ్చు. నా సలహా ఏమంటే, మీ బిల్లులు ఎంతవరకు సమర్థిస్తాయో అంతవరకు విలువ రాయించుకోండి, 6 లక్షలైనా వెనుకాడకండి.

థర్డ్ పార్టీ గురించి వేరే చర్చ అవసరం లేదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో బండి నడపాలంటే అది ఉండి తీరాలి. లేకపోతే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, మరోసారి 4,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయితే అది ఎదుటివారికి జరిగిన నష్టానికే పనికివస్తుంది. మీ మిల్లులో మంట లేస్తే మీకు పైసా రాదు.

జవాబు: పాలమూరు మిల్లెసెంటో

మా ఇంట్లో ఫియట్ 1100 ఉన్నందువల్ల వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలను శ్రద్ధగా చదవవలసి వచ్చింది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలలో 81ఎ మొదలుకొని కొత్త నియమాలు చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాలు, నాలుగు చక్రాల వాహనాలు వీటి కిందికి వస్తాయి. పై జవాబులో పెద్దలు ఇంజిన్ గురించి చెప్పిన మాట ఇక్కడ కూడా పనికివస్తుంది. మాటడార్ ఇంజిన్‌తో మీరు దరఖాస్తు చేసుకుంటే తనిఖీ కమిటీ ముందు నిలబడదు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి 20 వేలు, తిరిగి రిజిస్టర్ చేయడానికి 5 వేలు రుసుము. ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. కొత్త నంబర్లలో రాష్ట్ర కోడ్ తరువాత వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఇదివరకే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. తాతగారి కాలం నాటి నంబరు మీద మీకు మమకారం ఉంటుందని ఊహించి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

దరఖాస్తుతో పాటు బీమా పాలసీ కూడా పెట్టాలి. ఇక్కడ ఒక ముడి పడుతుంది: బీమా వారు చెల్లుబాటయ్యే ఆర్‌సీ అడుగుతారు, రవాణా శాఖ వారు బీమా అడుగుతారు. వింటేజ్ రిజిస్ట్రేషన్ కోసమే పాలసీ అడుగుతున్నానని లేఖ రాసి, పాత ఆర్‌సీ నకలు, వారసత్వ పత్రాలు జతచేసి బ్రాంచి మేనేజర్‌తో ముందే మాట్లాడుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

బీమాలో లాభం ఉంది. వింటేజ్ కారుగా రిజిస్టరైన సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు ఇవ్వాలని 2022 నాటి నోటిఫికేషన్‌లో ఉంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ కారుకు 3,416 రూపాయలు కాబట్టి సగం అంటే 1,708, దాని మీద 18 శాతం జీఎస్టీ. అయితే సొంత నష్టం ప్రీమియంలో 25 శాతం తగ్గింపు అని ఎవరైనా చెబితే ఆశపడకండి. అది పాత టారిఫ్‌లోనిది, 1940 డిసెంబరు 31 కంటే ముందు తయారై వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కార్లకే వర్తించేది. రవాణా శాఖ లెక్క ప్రకారం మీ కారు వింటేజే, టారిఫ్ లెక్క ప్రకారం కాదు.

దీనికి చెల్లించవలసిన మూల్యం కూడా తెలుసుకోండి. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు నడపకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతులు వంటి వాటికే రోడ్డెక్కాలి. ఆదివారం పూట ఇంటిల్లిపాదీ నాగార్జునసాగర్ వెళ్లి రావాలన్నది మీ కోరిక అయితే, ఈ దారి మీకు సరిపడదు. మామూలు ఆర్‌సీని ఫిట్‌నెస్‌తో పునరుద్ధరించుకోవడమే మేలు. సగం ప్రీమియం కోసం సగం ఆనందం వదులుకోవడం నాకైతే గిట్టుబాటుగా తోచలేదు, అందుకే మా ఫియట్ మామూలు ఆర్‌సీ మీదనే ఉంది.

జవాబు: మోటారు సర్వేయర్, సూర్యాపేట

క్లెయిములు చూసే వైపు నుంచి నాలుగు మాటలు. నల్లగొండ పెద్దలు చెప్పినదానితో ఒక్క చోట విభేదిస్తున్నాను, మిగిలినదంతా సరైనదే.

ముందుగా ఆ 60 వేల ఐడీవీ వల్ల కలిగే అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. కారు పూర్తిగా కాలిపోతే తక్కువ డబ్బు వస్తుందన్నది అందరికీ తెలిసేదే. చిన్న ప్రమాదంలో ఏమవుతుందన్నది ఎవరూ ఆలోచించరు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ బండిని పూర్తి నష్టంగా లెక్కిస్తారు. 60 వేలలో 75 శాతం అంటే 45 వేలు. నార్కట్‌పల్లి దగ్గర లారీ వెనుక నుంచి ఒరుసుకుపోయి ఒక పక్క రేకులు నలిగితే చాలు, రంగుతో కలిపి బిల్లు 60 వేలు సులభంగా అవుతుంది. అప్పుడు బాగుచేయగలిగిన కారును తుక్కు కింద జమకట్టి, దాని తుక్కు విలువను మినహాయించి మిగిలినది చేతిలో పెడతారు, లేదా కారునే తీసుకుపోతారు, ఆర్‌సీ రద్దు చేయించమని కూడా అడగవచ్చు. తాతగారి కారును పోగొట్టుకోవడానికి అగ్ని ప్రమాదమే అక్కరలేదు, తక్కువ ఐడీవీ చాలు.

అదే బిల్లు 4 లక్షల ఐడీవీ ఉన్న పాలసీ కింద ఎలా తేలుతుందో చూద్దాం. పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల మీద 50 శాతం తరుగు, రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ మీద కూడా 50 శాతం, అద్దాల మీద తరుగు లేదు. రంగు విషయంలో సామగ్రి ఖర్చు మీద మాత్రమే 50 శాతం. సామగ్రి, కూలి కలిపి ఒకే బిల్లు ఇస్తే అందులో నాలుగో వంతును సామగ్రిగా తీసుకుంటారు. రేకులు 24 వేలు, రబ్బరు బీడింగులు 6 వేలు, రంగు 20 వేలు, టింకరింగ్ కూలి 10 వేలు అనుకోండి. రేకులకు 12 వేలు, రబ్బరుకు 3 వేలు, రంగుకు 17,500, కూలికి పూర్తిగా 10 వేలు, మొత్తం 42,500. అందులో తప్పనిసరిగా మీరు భరించవలసిన 1,000 రూపాయలు పోగా 41,500 వస్తుంది. పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ దండగ అనేవారు ఈ లెక్క వేసి చూడరు. పాత కారు మరమ్మతులో ఎక్కువ భాగం చేతి పనే, చేతి పని మీద తరుగు ఉండదు. కాకపోతే మేస్త్రీ బిల్లులో కూలి వేరుగా, సామాను వేరుగా రాయించుకోవాలి. కాగితం ముక్క మీద మొత్తం అంకె ఒక్కటే వేసి సంతకం పెట్టిన బిల్లుతో వచ్చే వారికి నేను ఎంత సాయం చేయాలనుకున్నా చేయలేను.

విభేదం ఎక్కడంటే, మీరు పెట్టిన ఖర్చే మీ కారు విలువ కాదు. 6 లక్షలు ఖర్చుపెట్టిన అంబాసిడర్ బజారులో 4 లక్షలకే అమ్ముడుపోవచ్చు. పాలసీలో రాసిన ఐడీవీనే ఆ ఏడాదంతా మార్కెట్ విలువగా పరిగణిస్తారన్నది నిజం. అయినా బిల్లులు చూపించి విలువను సాగదీస్తే ఏటా ప్రీమియం ఎక్కువ కడతారు, పెద్ద క్లెయిము వచ్చినప్పుడు ఆ విలువ ఎలా నిర్ణయించారన్న ప్రశ్నకు బ్రాంచి వారే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అదే స్థితిలో ఉన్న మార్క్ 2 కార్లు ఎంతకు అమ్ముడుపోతున్నాయో కొన్ని ప్రకటనల నకళ్లు తీసి ఉంచి, వాటికి దగ్గరగా ఉండే అంకెను ఎంచుకోండి.

కారు కదలని నెలలకు వేరే ఏర్పాటు ఉంది. షెడ్డులో నిలిపి ఉంచిన వాహనానికి అగ్ని, దొంగతనం ప్రమాదాలకు పరిమితమైన పాలసీ ఇవ్వడానికి టారిఫ్‌లోనే వీలుంది. దీని ప్రీమియం తక్కువ. తీరిక లేని బ్రాంచిలో దీనిని గుర్తుచేసి అడగవలసి రావచ్చు. పని పూర్తయ్యాక కొత్తగా తనిఖీ చేయించి, పెరిగిన విలువతో ఫుల్ ఇన్సూరెన్స్‌కు మారండి. సగం పని జరిగిన కారుకు ఇప్పుడే పూర్తి విలువ అడిగితే, చూడడానికి వచ్చిన వ్యక్తికి ఎదురుగా కనిపించేది తుప్పు రేకులే.

జవాబు: దేవరకొండ నుంచి డల్లాస్

అమెరికాలో ఉంటున్నాను, పాత కార్ల మీద ఆసక్తితో ఇక్కడి పద్ధతిని గమనించాను. సేకరణ కార్లకు ఇక్కడ హ్యాగర్టీ, గ్రండీ వంటి ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. వారు ఇచ్చే పాలసీలో విలువను ముందే ఇద్దరూ ఒప్పుకొని రాసుకుంటారు, పూర్తి నష్టం జరిగితే తరుగు లేకుండా ఆ మొత్తం ఇస్తారు. మామూలు కంపెనీలు కొన్ని ఇచ్చే పాలసీల్లో మనం చెప్పిన విలువ ఒకటి రాసుకుంటారు కానీ, క్లెయిము నాడు అదీ బజారు విలువా పోల్చి ఏది తక్కువైతే అది ఇచ్చే వెసులుబాటు తమ దగ్గర ఉంచుకుంటారు. పైకి రెండూ ఒకేలా కనిపించడం వల్ల ఇక్కడ కూడా చాలామంది మోసపోతుంటారు. ఒప్పుకున్న విలువ ఇచ్చేవారు షరతులు కూడా పెడతారు: తాళం వేసే గ్యారేజీ ఉండాలి, రోజూ తిరగడానికి వేరే కారు ఉండాలి, సేకరణ కారును ఉద్యోగానికి వెళ్లిరావడానికి వాడకూడదు. మన ఐడీవీ నియమంలోని పరస్పర అవగాహన ఈ పద్ధతికి దగ్గరగానే ఉంది, వాడుకునేవారే తక్కువ.

జడ్చర్ల బావమరిదిగారి బండి విషయంలో మాత్రం ఇక్కడి ఉదాహరణలు చూపించి ఆశపెట్టలేను. బ్రిటన్‌లో కిట్ కారు కట్టుకున్న వ్యక్తి ఒక్కొక్క బండికీ విడిగా జరిగే ఐవీఏ పరీక్షలో నెగ్గి రిజిస్టర్ చేయించుకోవచ్చు. భాగాలు ఏ కాలానివో తేలని బండికి క్యూ అక్షరంతో నంబరు ఇస్తారు. కట్టే దశలో ఉన్న విడిభాగాలకు కూడా బీమా దొరుకుతుంది. అంటే అక్కడ బీమాకు ముందు చట్టబద్ధమైన గుర్తింపు ఉంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా, ఆర్‌సీలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నిలబెట్టింది. కొత్త నమూనా వాహనమంటే కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 126వ నియమం కింద ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదం పొందాలి, ఒక్క బండి కోసం ఎవరూ అంత ఖర్చు భరించలేరు.

హర్యానాలోని మండీ డబ్వాలీలో ఇష్టమొచ్చినట్టు మార్చి కట్టే జీపుల్ని చూసి, అవి తిరుగుతున్నాయి కదా, మనదీ తిరుగుతుందని అనుకునేవారు ఉన్నారు. తిరగడం వేరు, బీమా చెల్లడం వేరు. ఆర్‌సీలో జీపు అని ఉండి ఎదుట రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నిలబడితే సొంత నష్టం క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి అంతకంటే మంచి కారణం అక్కరలేదు. ఎవరికైనా గాయమై కేసు అయితే, కంపెనీ బాధితులకు ముందు చెల్లించి ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకునేలా తీర్పులు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. గాయాలకు, మరణాలకు థర్డ్ పార్టీలో పరిమితి లేదు కాబట్టి ఆ మొత్తం ఎంతైనా కావచ్చు. మరో మాట, ఆ ఫైబర్ బాడీ మీద తరుగు 30 శాతమేనని ఎవరో చెప్పి ఉత్సాహపరచవచ్చు. ఆ లెక్క క్లెయిము ఒప్పుకున్న తరువాత సంగతి.

మిర్యాలగూడ మార్క్ 2

అందరికీ ధన్యవాదాలు. అసలు ఇంజిన్‌ను హెడ్ పనికి ఇచ్చాము, ఆర్‌సీ పేరు మార్పు కోసం నాన్నగారు పత్రాలు సిద్ధం చేస్తున్నారు. వింటేజ్ రిజిస్ట్రేషన్ జోలికి పోవడం లేదు. నాగార్జునసాగర్ ప్రయాణం మాట మా అమ్మగారు చదివి నవ్వారు, ఎందుకంటే ఇంట్లో అందరి కోరికా అదే. బావమరిదికి విషయం చెప్పాను, అలిగాడు కానీ ఫైబర్ బాడీని ప్రస్తుతానికి పక్కన పెట్టాడు.

మిగిలిన సందేహాలు ఇవి. విడిగా ఉన్న బంపర్లు, గ్రిల్లు, అదనపు గేరుబాక్సు మిల్లులోనే ఉన్నాయి. కారు పాలసీ వాటికి కూడా వర్తిస్తుందా? రంగు పని కోసం కారును లారీ మీద హైదరాబాదు పంపించాలి, దారిలో ఏమైనా జరిగితే? పని పూర్తయ్యాక పెళ్లి ఊరేగింపుకు అద్దెకు ఇవ్వమని ఇప్పటి నుంచే అడిగేవారు ఉన్నారు, ఇవ్వవచ్చా?

జవాబు: బీమా శాఖ విశ్రాంత ఉద్యోగి, నల్లగొండ

విలువ విషయంలో సూర్యాపేట సర్వేయర్‌గారి మాటకే నేనూ వస్తున్నాను. 6 లక్షలు అన్నది పై హద్దుగా చెప్పాను, మార్కెట్ ధర తక్కువ ఉంటే దానినే పట్టుకోండి.

కారుకు బిగించి లేని విడిభాగాలు మోటారు పాలసీ కిందికి రావు. మిల్లుకు అగ్ని ప్రమాద పాలసీ ఉంటే అది యంత్రాలు, ధాన్యం, బియ్యం నిల్వల పేరున ఉంటుంది, అందులో అంబాసిడర్ గ్రిల్లు ఉండదు. ఆ పాలసీలో వీటిని విలువతో సహా విడిగా చేర్పించవచ్చేమో అడగండి, లేకపోతే భాగాలను ఇంటికి చేర్చి ఇంటి పాలసీలో సామానుగా చూపించండి. ఊక పక్కన రంగు డబ్బాలు, పెట్రోలు డబ్బాలు ఉంచకుండా చూసుకోండి, తనిఖీకి వచ్చినవారి కళ్లు ముందుగా వాటి మీదే పడతాయి.

లారీ మీద తరలింపు గురించి భయం వద్దు. ఫుల్ ఇన్సూరెన్స్‌లో రోడ్డు, రైలు మార్గాల్లో వాహనాన్ని తరలించేటప్పుడు జరిగే నష్టం కూడా ఉంది. అగ్ని, దొంగతనాలకు పరిమితమైన పాలసీలో మాత్రం ఇది ఉండదు. కాబట్టి హైదరాబాదు పంపే తేదీకి ముందే ఏ పాలసీ చేతిలో ఉండాలో నిర్ణయించుకోండి. కారును ఎక్కించే ముందు, దింపిన తరువాత ఫోటోలు తీసి, లారీ వారి రసీదు మీద కారు నంబరు రాయించండి.

అద్దెకు ఇవ్వకండి. సొంత కారు పాలసీలో అద్దెకు లేదా ప్రతిఫలానికి వాడకూడదని, వేగం, ఓర్పు పరీక్షించే పోటీల్లో పాల్గొనకూడదని రాసి ఉంటుంది. దగ్గరి బంధువుల పెళ్లికి డబ్బు తీసుకోకుండా, లైసెన్సున్న మీ ఇంటివారే నడిపితే అభ్యంతరం లేదు. ర్యాలీ నిర్వాహకులు పిలిస్తే అది కేవలం ప్రదర్శన యాత్రా, సమయం లెక్కించే పోటీయా అని ముందే రాతపూర్వకంగా అడగండి. పోటీ అయితే దానికి వేరే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు పత్రం) ఉంది, అదనపు ప్రీమియం కట్టి ఆ కార్యక్రమం వరకు తీసుకోవచ్చు.

ఎప్పుడైనా క్లెయిము విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) కార్యాలయానికి వెళ్లవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అక్కడికి వెళ్లే రోజున మీ చేతిలో ఉండవలసినవి ఐడీవీ కోసం మీరు మేనేజర్‌కు రాసిన లేఖ నకలు, దాని మీద వారి ముద్ర. ఈ వారమే ఆ లేఖ ఇచ్చి ముద్ర వేయించుకోండి.